నల్లగొండ, పాలమూరు నుంచి హైదరాబాద్ కొలువుకు: ఇల్లు ఎటు వైపు చూసుకోవాలి?

నల్లగొండ నుంచి వచ్చేవాళ్లు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం చుట్టూ, పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి వచ్చేవాళ్లు ఆరాంఘర్, అత్తాపూర్, శంషాబాద్ చుట్టూ ఇల్లు వెతుక్కోవడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఊరి బస్సు అక్కడ ఆగుతుంది, చుట్టాలు అక్కడే ఉంటారు, పండుగకు సంచి పట్టుకుని పది నిమిషాల్లో రోడ్డు మీదికి రావచ్చు. కొలువు కోఠిలోనో నాంపల్లిలోనో ఉన్న రోజుల్లో ఈ పద్ధతి బాగానే నడిచింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్, బ్యాంకింగ్ కొలువుల్లో ఎక్కువ భాగం గచ్చిబౌలి, మాదాపూర్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు, అంటే నగరానికి పడమటి అంచున ఉన్నాయి. ఊరికి నెలకు రెండు సార్లు పోతారు, ఆఫీసుకు మాత్రం రానూపోనూ నలభై ఎనిమిది సార్లు రోడ్డెక్కుతారు. కాబట్టి వెతుకులాట ఆఫీసు గేటు దగ్గర మొదలుపెట్టి, ఊరి రోడ్డు వైపు వెనక్కి రావాలి.

1. గేటు, షిఫ్టు, కంపెనీ బస్సు: ఈ మూడూ తేలాకే ఇల్లు

ఆఫర్ లెటర్‌లో ‘హైదరాబాద్’ అని ఉంటే ఏమీ తేలనట్టే. ఒకే కంపెనీకి ఆదిభట్లలో ఒక క్యాంపస్, గచ్చిబౌలిలో ఇంకొకటి ఉండొచ్చు. ఈ రెంటికీ మధ్య మొత్తం నగరమే ఉంది. చేరకముందే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి, ఏ క్యాంపస్, ఏ షిఫ్టు, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి, కంపెనీ బస్సు ఏయే స్టాపుల్లో ఏ టైముకు ఆగుతుంది అని రాతపూర్వకంగా అడగండి. ఆ బస్సు స్టాపుల జాబితా చేతికి వస్తే సగం పని అయినట్టే. కంపెనీ బస్సు ఆగే చోటికి నడిచిపోయే దూరంలో ఇల్లు దొరికితే, ఆఫీసు పాతిక కిలోమీటర్లున్నా పెద్ద ఇబ్బంది ఉండదు.

కొన్ని కొలువులకు అసలు నగరంలో ఇల్లే అక్కర లేదు. పోలేపల్లి సెజ్‌లోని ఫార్మా కంపెనీలకు జడ్చర్లలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉంటే చాలు. కొత్తూరు వైపు ఫ్యాక్టరీలకు షాద్‌నగర్ దగ్గర. చౌటుప్పల్ చుట్టూ ఉన్న కంపెనీలకు, దండు మల్కాపూర్ పారిశ్రామిక పార్కుకు చౌటుప్పల్‌లోనే ఇల్లు చూసుకోవచ్చు. ‘హైదరాబాద్‌లో ఉంటున్నాం’ అని చెప్పుకోవడానికి రోజూ ఎదురు ప్రయాణం చేయాల్సిన పని లేదు.

2. కిరాయి ఒక్కటే చూడకండి, గంటలూ కలపండి

ఒక ఉదాహరణ చూద్దాం. ఆఫీసు హైటెక్ సిటీలో. ఎల్బీనగర్ దగ్గర డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 12 వేలు, కొండాపూర్ లోపలి గల్లీల్లో అలాంటిదే 22 వేలు అనుకుందాం. ఈ అంకెలు లెక్క చూపించడానికే, మీకు దొరికినవి వేసుకోండి.

ఎల్బీనగర్ నుంచి రానూపోనూ 60 కిలోమీటర్లు. నెలకు 24 రోజులైతే 1,440 కిలోమీటర్లు. బైకు లీటరుకు 45 ఇస్తే 32 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున సుమారు 3,400. కొండాపూర్ నుంచి రానూపోనూ 10 కిలోమీటర్లే కాబట్టి నెలకు 570 చాలు. టైర్లు, ఆయిల్, సర్వీసింగ్‌కు దూరం బండికి ఇంకో 600 ఎక్కువ వేసుకుంటే, ప్రయాణం ఖర్చులో తేడా దాదాపు 3,450. కిరాయిలో పది వేలు మిగిలినట్టు కనిపించింది, నిజంగా మిగిలేది 6,550.

ఇప్పుడు గంటలు. దూరం నుంచి రోజుకు మూడు గంటలు, దగ్గర నుంచి నలభై నిమిషాలు. తేడా 2 గంటల 20 నిమిషాలు, నెలకు 56 గంటలు. అంటే గంటకు 117 రూపాయలకు మీ సమయం అమ్ముకుంటున్నారు. వెన్నునొప్పి, వానలో తడవడం, రాత్రి పదకొండుకు అన్నం తినడం ఇందులో లేవు. వారానికి రెండు రోజులే ఆఫీసు అయితే లెక్క తలకిందులవుతుంది, అప్పుడు దూరమే లాభం. ఇంట్లో ఇద్దరూ కొలువు చేస్తుంటే ఇద్దరి గంటలూ విడివిడిగా వేసి కలపండి, ఎక్కువ రోజులు పోయేవాళ్ల వైపు మొగ్గండి.

ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. తెలంగాణ చిరునామా ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు. డీలక్స్, సూపర్ లగ్జరీలకు వర్తించదు. ఈ బస్సులు ఎక్కువగా తిరిగే రోడ్డు మీద ఇల్లు తీసుకుంటే భార్య ప్రయాణం ఖర్చు లెక్కలోంచి పోతుంది, కానీ గంటలు పోవు.

3. మీ ఊరి రోడ్డు, మీ ఆఫీసు దిక్కు

పాలమూరు నుంచి వచ్చి పడమట పనిచేసేవాళ్లకు భూగోళం కలిసొచ్చింది. 44వ నంబరు జాతీయ రహదారి శంషాబాద్ మీదుగానే నగరంలోకి వస్తుంది, అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గచ్చిబౌలి పాతిక కిలోమీటర్ల లోపే. ఈ మధ్యలో ఉన్న రాజేంద్రనగర్, కిస్మత్‌పూర్, బండ్లగూడ జాగీర్, నార్సింగి మీ మొదటి జాబితా. మణికొండలో కంటే కిస్మత్‌పూర్, బండ్లగూడ వైపు కిరాయి సాధారణంగా తక్కువ. ఊరికి పోవాలంటే ఆరాంఘర్‌లోనో శంషాబాద్‌లోనో బస్సు పట్టుకోవచ్చు. అత్తాపూర్ అందరికీ తెలిసిన పేరే కానీ, అక్కడి నుంచి పడమటికి మెహిదీపట్నం, టోలీచౌకి మీదుగా పోవాలి. పొద్దున ఆ దారిలో బండి నడవదు, పాకుతుంది. ఔటర్ మీదికి బైకులను రానివ్వరని గుర్తుంచుకోండి. సర్వీస్ రోడ్డే దిక్కు, దానికి తగ్గట్టు టైము వేసుకోండి.

నల్లగొండ వాళ్లకు అంత వెసులుబాటు లేదు. 65వ నంబరు జాతీయ రహదారి తూర్పు వైపు పెద్ద అంబర్‌పేట దగ్గర తేలుతుంది. అక్కడి నుంచి ఔటర్ చుట్టి గచ్చిబౌలికి పోతే సుమారు 60 కిలోమీటర్లు, పైగా టోల్. రోజూ చేసే పని కాదు. కాబట్టి నల్లగొండ వాళ్లు మెట్రో మ్యాపు ముందు పెట్టుకుని ఇల్లు వెతకాలి.

మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రెడ్ లైన్ ఒకే రైలు, 29 కిలోమీటర్లు, ఎక్కడా మారక్కర లేదు. అందుకే పడమట పనిచేసే నల్లగొండ కుటుంబానికి మణికొండ కన్నా మియాపూర్, చందానగర్, హఫీజ్‌పేట మేలు. శనివారం సాయంత్రం పిల్లలతో, సంచులతో నగరం దాటడానికి మెట్రో ఉంటుంది, ఎల్బీనగర్‌లో దిగి ఊరి బస్సెక్కొచ్చు. మణికొండ నుంచి అయితే ఆ నగరం దాటడమే సగం ప్రయాణం.

తూర్పు వైపే ఉండక తప్పనివాళ్లు, సొంత ఇల్లో, భార్య కొలువో, పిల్లల బడో అక్కడ ఉన్నవాళ్లు, ఎల్బీనగర్ స్టేషన్ వదిలేసి నాగోల్ స్టేషన్ చుట్టూ చూడండి. నాగోల్ నుంచి బ్లూ లైన్ నేరుగా హైటెక్ సిటీ, రాయదుర్గం పోతుంది. అదే మొదటి స్టేషన్ కాబట్టి పొద్దున కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఎల్బీనగర్ నుంచి బయలుదేరితే అమీర్‌పేటలో దిగి, మెట్లెక్కి, అప్పటికే నిండిన రైల్లోకి తోసుకోవాలి. నాగోల్, ఎల్బీనగర్‌ల మధ్య నాలుగైదు కిలోమీటర్లే కాబట్టి ఊరి బస్సూ దూరం కాదు. అయితే రాయదుర్గంలో దిగాక ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఇంకా దూరమే. ఆ చివరి ముక్కకు షటిల్ బస్సు, షేర్ క్యాబ్, బైక్ ట్యాక్సీ కలిపి అరగంట వేసుకోండి. ఇల్లు చూసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయే అరగంట ఇదే.

పెళ్లికాని కుర్రాళ్లకు, కోచింగ్ తీసుకుంటూ కొలువు చేసేవాళ్లకు అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్ హాస్టళ్లు పనికొస్తాయి. రెండు లైన్లూ కలిసే చోటు అది, ఆఫీసు మారినా గది మార్చక్కర లేదు.

పోచారం, ఉప్పల్ వైపు ఆఫీసు అయితే నల్లగొండ వాళ్లకు పండగే. నాగోల్, బోడుప్పల్, పీర్జాదిగూడ, ఘట్‌కేసర్ ఏదైనా సరిపోతుంది. ఆదిభట్ల, కొంగరకలాన్, తుక్కుగూడ, విమానాశ్రయం వైపు పని దొరికితే దేవరకొండ, మాల్, ఇబ్రహీంపట్నం రోడ్డు వాళ్లు తుర్కయంజాల్, బీఎన్ రెడ్డి నగర్ చూసుకోవచ్చు. కల్వకుర్తి, ఆమనగల్, కడ్తాల్ నుంచి శ్రీశైలం రోడ్డున వచ్చేవాళ్లకు తుక్కుగూడ, బడంగ్‌పేట దగ్గర. ఈ వైపు మెట్రో లేదు, సిటీ బస్సులు పలచన, రాత్రి షిఫ్టు ఉన్న ఆడవాళ్లకు కంపెనీ క్యాబ్ ఖాయమయ్యాకే ఇల్లు ఖాయం చేయండి. ఇక జీనోమ్ వ్యాలీ, మేడ్చల్, జీడిమెట్ల అంటే రోజూ దక్షిణం నుంచి పోయి రావడం కుదిరే పని కాదు. అల్వాల్, కొంపల్లి వైపే ఉండిపోవాలి.

షాద్‌నగర్ నుంచో చౌటుప్పల్ నుంచో రోజూ పోయి రావచ్చా? రెండూ నగరానికి సుమారు 50 కిలోమీటర్లు, కానీ రెండూ ఒకటి కాదు. మహబూబ్‌నగర్ రైలు మార్గం డబుల్ లైన్ అయింది, షాద్‌నగర్ నుంచి కాచిగూడ వైపు నెలవారీ సీజన్ టికెట్ మీద పోయేవాళ్లు ఉన్నారు. ఆఫీసు కాచిగూడ, సికింద్రాబాద్ చుట్టుపక్కల అయితేనే ఇది కుదురుతుంది. చౌటుప్పల్‌కు రైలే లేదు. నల్లగొండ మీదుగా పోయే బీబీనగర్–నడికుడి మార్గం సింగిల్ లైన్‌గా వేసింది, ఎదురు రైలు కోసం ఆగడం దానికి అలవాటే. డబ్లింగ్‌కు 2023లో కేంద్రం ఆమోదం వచ్చింది. రైలు నమ్ముకుంటే అది సికింద్రాబాద్ దాకా పోతుందో చర్లపల్లిలోనే ఆగుతుందో కూడా చూసుకోండి.

ఒక మాట. రీజినల్ రింగ్ రోడ్డు వస్తుంది, మెట్రో హయత్‌నగర్ దాకా వస్తుంది, విమానాశ్రయం దాకా వస్తుంది అని బ్రోకర్లు చెప్తారు. ప్లాటు కొనేవాళ్ల సంగతి వేరు. కిరాయికి ఉండేవాళ్లు ఈ రోజు నడిచే బస్సుకే కిరాయి కట్టాలి.

4. మొదటి నెల హాస్టల్లో

ఊళ్లో కూర్చుని ఫోన్లో ఫొటోలు చూసి అడ్వాన్స్ వేయకండి. మూడు నాలుగు వారాలు హాస్టల్లోనో చుట్టాలింట్లోనో ఉండి, అనుకున్న చోటు నుంచి ఆఫీసుకు సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఒకసారి, తిరిగి సాయంత్రం ఆరున్నరకు ఒకసారి పోయి చూడండి. ఆదివారం మధ్యాహ్నం మ్యాపు చూపించే టైముకు విలువ లేదు. వీలైతే వాన పడ్డ సాయంత్రం ఆ గల్లీలోకి వెళ్లండి, ఒక్క వానతో డ్రైనేజీ సంగతి మొత్తం బయటపడుతుంది.

ఆన్‌లైన్ ప్రకటనల్లో మోసం ఎప్పుడూ ఒకే తీరు. ఇల్లు చవక, ఫొటోలు అందం, ఓనర్ తాను సైన్యంలో ఉన్నానంటాడు, బదిలీ అయింది కాబట్టి చూపించలేను, టోకెన్ పంపండి అంటాడు. తలుపు తీసి లోపల అడుగు పెట్టకముందు రూపాయి కూడా పంపొద్దు. పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఆషాఢంలో, మూఢంలో చాలామంది ఇల్లు మారరు. టులెట్ బోర్డులు గేట్లకు వేలాడుతూనే ఉంటాయి. పట్టింపు లేనివాళ్లు కిరాయి తగ్గించమని గట్టిగా అడగాల్సిన కాలం అదే. ఏప్రిల్, మే నెలల్లో బడుల కోసం కుటుంబాలన్నీ ఒక్కసారే దిగుతాయి, అప్పుడు ఓనర్ మాటే చెల్లుతుంది.

5. ఇల్లు చూసేటప్పుడు: ముందు నీళ్లు

హాలు ఎంత, వాస్తు ఏంటి అన్నది తర్వాత. నీళ్లు లేని ఇంట్లో ఏదీ పనికిరాదు. నగరం తాగే కృష్ణా నీళ్లు నల్లగొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధయి సాహెబ్‌నగర్ మీదుగానే వస్తాయి. అందుకని తూర్పు, దక్షిణ శివార్లలో నల్లా బాగా వస్తుందని అనుకోవద్దు. పైపు ఏ కాలనీ దాకా వేశారన్నదే ముఖ్యం. ఇవి అడగండి:

- నల్లా కనెక్షన్ ఉందా, ఏ రోజు, ఏ టైముకు, ఎంతసేపు వస్తుంది?
- సంపు ఎన్ని లీటర్లు? బోరు ఎంత లోతు, గత ఎండాకాలం ఎండిందా?
- మార్చి, ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ ఎంత వచ్చింది?

మూడో ప్రశ్న వాచ్‌మన్‌ను, కింది ఇంటి ఆవిడను అడగండి, ఓనర్‌ను అడిగితే మామూలు నెల అంకె చెప్తాడు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క. 12 ఫ్లాట్లు, ఇంటికి నలుగురైతే రోజుకు 6,480 లీటర్లు. బోరు ఎండితే 5 వేల లీటర్ల ట్యాంకర్ రోజుకొకటి కూడా చాలదు. ఎండాకాలంలో మెయింటెనెన్స్ అందుకే పెరిగిపోతుంది. గ్రేటర్ పరిధిలో ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ఉంది, దానికి మీటరు ఉండాలి. ఓనర్ ఆ పని చేసి ఉంటే నీళ్ల బిల్లు మీ మీద పడదు.

ఫ్లోరైడ్ సంగతి మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు. నగరం శివార్లలో బోరు నీళ్లు మాత్రమే ఉన్న ఇల్లయితే ఒక సీసా నీళ్లు ల్యాబుకు ఇచ్చి చూపించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మేలు, వేరే దారి లేకపోతే 1.5 హద్దు. టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, 2,000 హద్దు. చిన్న టీడీఎస్ మీటరు జేబులో పెట్టుకుని పోవచ్చు, కానీ అది ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. ఆర్‌వో పెట్టుకుంటే ఒక లీటరు మంచి నీళ్లకు రెండు మూడు లీటర్లు వృథాగా పోతాయి, ట్యాంకర్ నీళ్ల ఇంట్లో అది కూడా ఖర్చే.

నీళ్లు ఎక్కువైనా కష్టమే. 2020 అక్టోబర్ 13, 14 తేదీల వానకు సరూర్‌నగర్, నాగోల్, హయత్‌నగర్ వైపు కాలనీలు మునిగాయి, మన రెండు జిల్లాల వాళ్లూ ఎక్కువగా చూసే ప్రాంతాలే అవి. గ్రౌండ్ ఫ్లోర్ గోడ మీద రెండు మూడడుగుల ఎత్తున గీతలాంటి మరక, కొత్తగా వేసిన సగం గోడ రంగు, సెల్లార్లో నీళ్లు తోడే మోటారు కనిపిస్తే ఆ ఏడాది ఎంత నీళ్లొచ్చాయో పక్కవాళ్లను అడగండి. దగ్గర్లో చెరువు ఉంటే ఆ ఇల్లు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) లోపల ఉందో లేదో హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుల్లో చూడండి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చినప్పటి నుంచి ఇది కొనేవాళ్ల తలనొప్పి మాత్రమే కాదు. ఇల్లు కూలిస్తే ఓనర్‌తో పాటు కిరాయిదారు సామానూ రోడ్డు మీదికే వస్తుంది.

కరెంటుకు మీ పోర్షన్‌కు విడి మీటరు ఉందా చూడండి. ఒకే మీటరు మీద సబ్ మీటర్లు పెట్టి రెండు మూడు పోర్షన్లు నడిపితే అందరి యూనిట్లూ కలిసి 200 దాటుతాయి, దాటగానే మొదట్లోని చవక స్లాబులు పోయి అందరికీ ఎక్కువ రేటు పడుతుంది. విడి మీటరు అయితే పాత బిల్లు ఒకటి ఫొటో తీసుకోండి, బకాయి ఉందో లేదో, ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది.

ఇంకొకటి ముందే మాట్లాడుకోవాలి. ఊరి నుంచి అమ్మానాన్న ఆస్పత్రి పనికి వచ్చి పదిహేను రోజులు ఉండొచ్చు, తమ్ముడు పరీక్షకు వస్తాడు. కొందరు ఓనర్లకు చుట్టాలు వస్తే నీళ్లు అయిపోతాయని గొణుగుడు. మాంసం వండుకోవడం మీదా పట్టింపులుంటాయి. అడ్వాన్స్ ఇచ్చాక తెలుసుకోవడం కన్నా ముందే అడిగి పక్కింటికి పోవడం సుఖం.

6. అడ్వాన్స్, అగ్రిమెంటు

సాధారణంగా రెండు నెలల కిరాయి అడ్వాన్స్, బ్రోకర్ ఉంటే అర నెల నుంచి నెల కిరాయి కమీషన్. డబ్బు ఇచ్చే ముందు ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు అడిగి చూడండి. ఇల్లు చూపించిన మనిషి నిజంగా ఓనరేనా అన్నది వాటితో తేలుతుంది. అడ్వాన్స్ బ్యాంకు ద్వారా లేదా యూపీఐలో ఓనర్ ఖాతాకే పంపండి.

అగ్రిమెంటు సాధారణంగా 11 నెలలకు రాస్తారు. చదవకుండా సంతకం పెట్టేది ఈ కాగితం మీదే. ఇవి ఉన్నాయా చూడండి: కిరాయి ఏటా ఎంత పెరుగుతుంది, మెయింటెనెన్స్, ట్యాంకర్ డబ్బు ఎవరిది, ఖాళీ చేయాలంటే రెండు వైపులా ఎన్ని నెలల ముందు చెప్పాలి, పోయేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఎంత కోసుకుంటారు. ఈ పెయింటింగ్ దగ్గరే గొడవలన్నీ వచ్చేది. ‘నెల కిరాయి’ అని నోటిమాటగా చెప్పి, పోయే రోజు అంతకంటే ఎక్కువ కోస్తారు. అంకె రాయించండి. తాళం తీసుకున్న రోజే గోడలు, నల్లాలు, గీజరు, స్విచ్చులు అన్నీ వీడియో తీసి ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి.

పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి కిరాయి భత్యం) మినహాయింపు తీసుకునేవాళ్లకు ఏడాది కిరాయి లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ కావాలి. మార్చిలో అడిగితే ముఖం చిట్లిస్తారు, అగ్రిమెంటు రోజే అడగండి.

7. సామాను, కాగితాలు

సింగిల్ రూమ్ సామానుకు టాటా ఏస్ చాలు, మంచాలు, బీరువా, ఫ్రిజ్ ఉన్న కుటుంబానికి డీసీఎం వ్యాన్ మాట్లాడుకోవాలి. పెద్ద బండ్లకు నగరంలో పగటిపూట ఆంక్షలుంటాయి, రాత్రి బయలుదేరి తెల్లారేసరికి ఇంటి ముందు ఉండేలా చూసుకోండి. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు. పంతంగి, రాయికల్ టోల్‌గేట్ల దగ్గర నగరం వైపు వరుస అప్పుడే ఎక్కువ. సంక్రాంతి, దసరా తర్వాత అయితే ఇక చెప్పక్కర లేదు.

రేషన్ కార్డు మార్పించక్కర లేదు, పోర్టబిలిటీ ఉంది కాబట్టి నగరంలో ఏ చౌకధరల దుకాణంలోనైనా బియ్యం తీసుకోవచ్చు. ఓటు మార్చుకోవాలంటే ఫారం 8. ఊళ్లోనే ఉంచుకోవాలా అన్నది మీ ఇష్టం, రెండు చోట్లా ఉంటే మాత్రం తప్పు. పిల్లల టీసీ, బోనఫైడ్ జూన్‌లో బడులు తెరిచే లోపే తీసుకోండి. అమ్మానాన్నలను వెంట తెచ్చుకుంటే, వాళ్ల పింఛను ఊళ్లో వేలిముద్ర వేసి తీసుకునేదైతే నెలనెలా ఊరికి ఎవరు తీసుకుపోతారో ముందే అనుకోండి. ఆ ప్రయాణం ఖర్చు, ఆ ఒక్క రోజు సెలవు రెండో భాగంలో వేసిన లెక్కలో కలపాలి.